నాన్న కోసం వంజరం వేట

మా నాన్న షార్జాలో దిగాక మా ఆయనతో ఒక్క మాట కూడా నేరుగా మాట్లాడలేదు. ఒకే సోఫాలో పక్కపక్కన కూర్చుని కూడా, "అమ్మా, ఆ ఏసీ కొంచెం తగ్గించమని మీ ఆయనకి చెప్పు" అనేవారు. రిమోట్ మా ఆయన చేతిలోనే ఉండేది. మాది నెల్లూరు దగ్గర సముద్రపు ఒడ్డు ఊరు. మా ఆయనది నిజామాబాద్ వైపు. ఇక్కడే ఒక ఆఫీసులో కలిసి, ఇంట్లో వద్దన్నా పెళ్లి చేసుకున్నాం. కరోనా తగ్గి విమానాలు తిరిగాక, అమ్మ పోరు పడలేక నాన్న విజిట్ వీసా మీద వచ్చారు గానీ పంతం మాత్రం వదల్లేదు.

నాకు ఒళ్లు మండేది. ఇద్దరి మధ్యా ఎన్నాళ్లని మాటలు మోయను? తిరిగి వెళ్లేలోగా అల్లుణ్ణి ఒక్కసారి పలకరిస్తే చాలు, ఇంకేమీ వద్దనుకున్నాను.

తిండి దగ్గరా అదే తంతు. మా ఆయన రోలా బజారంతా తిరిగి చేప తెస్తే పులుసు పెట్టాను. నాన్న ముక్క విరిచి చూసి, "ఐసు చేప. ఇది చచ్చి ఎన్నాళ్లయిందో" అని పక్కకి నెట్టేశారు. మా ఆయన ముఖం చిన్నబోయింది. సెలవు రోజున సముద్రం మీదికి పోయి తనే పట్టుకొస్తానని శపథం చేశాడు.

ఆయనకి గాలం పిచ్చి. దేశం వదిలి వెళ్తున్న ఒక మలయాళీ దగ్గర ఇద్దరు కూర్చుని తెడ్లు వేసే చిన్న పడవ, కయాక్ కొన్నాడు, చేపలు పట్టడానికి లైసెన్సు కూడా తీసుకున్నాడు. నిజానికి గోదావరి డ్యామ్ వెనక నీళ్లలో పట్టిన రవ్వలూ బొచ్చెలూ తప్ప ఆయనకి మరో చేప సంగతి తెలియదు. ఇక్కడ అంతవరకూ పట్టినవన్నీ వేలెడంతవి. అయినా ధీమాకేం తక్కువ లేదు.

తెల్లవారకముందే కయాక్‌ని కారు మీద కట్టుకుని ఉమ్ అల్ కువైన్ తీరానికి వెళ్లాం. ఈ వేటలో పెద్ద విద్యేమీ లేదు. ప్లాస్టిక్ చేప కట్టిన గాలాన్ని పడవ వెనక దూరంగా వదిలి, తెడ్లు వేస్తూ పోవడమే. అది నిజం చేపనుకుని ఏదో ఒకటి వెంటపడాలి. ముందు కూర్చుని నేను తెడ్డు వేస్తుంటే, వెనక నుంచి "మెల్లగ, మెల్లగ" అని ఒకటే సతాయింపు. అంత మెల్లగా కావాలంటే నువ్వే వేసుకో అన్నాను. చలికాలపు గాలి, కదలని నీళ్లు, నాకైతే చాలా హాయిగా ఉంది.

ఉన్నట్టుండి గాలపు కర్ర వంగింది. చాలాసేపు లాగీ వదిలీ, చివరికి పైకి తీస్తే వంజరం! నా మోచెయ్యి కంటే పొడుగు. మా నాన్నకి ప్రాణం ఆ చేపంటే. ఆగలేక అక్కణ్ణించే ఫోన్ చేసి చెప్పేశాను.

మా ఆయన తెలివి చూపించింది ఇక్కడే. చేప మొప్పల్లోంచి తాడు దూర్చి, కయాక్‌కి కట్టి, మళ్లీ నీళ్లలోకే వదిలాడు. ఐసు పెట్టె తెచ్చుకున్నాం కదా అంటే వినలేదు.

"ఐసుల పెడితే మీ నాయిన మళ్ల ఐసు చాప అంటడు. మా దిక్కు గిట్లనే కడ్తరు. ఒడ్డుకు పోయేదాక పానంతోనే ఉంటది."

నాకూ సబబుగానే తోచింది. సముద్రం ఒడ్డున పుట్టానన్న మాటే గానీ, నాకు తెలిసింది వండటం, తినడం. దారిలో తాడు ఒక్కసారి గట్టిగా గుంజుకుంది. ఇంకా ఎంత బలంగా ఉందో చూడమని మా ఆయన మురిసిపోయాడు.

ఒడ్డున తాడు లాగితే తలకాయ వచ్చింది. తలకాయ మాత్రమే. మిగతాదంతా ఏదో పెద్ద చేప కత్తితో కోసినట్టు కొరుక్కుపోయింది. నాకు నవ్వాగలేదు. మా ఆయన కళ్లలో నీళ్లు చూశాక, ఎందుకు ఫోన్ చేశానా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఇంటికెళ్లేసరికి నాన్న చింతపండు నానబెట్టి, మామిడికాయ ముక్కలు కోసి సిద్ధంగా ఉన్నారు. మేం తెచ్చిన కవరు విప్పి చూశారు. జరిగింది నేను చెప్పాను. ఆయన నావైపు చూడలేదు.

"ఏందయ్యా, సముద్రంలో ఎవురన్నా చేపని తాడుకి కట్టి ఈడ్చుకొస్తారా?"

అడిగింది మా ఆయన్నే. నేను గుడ్లప్పగించి చూస్తుండిపోయాను.

"ఐసుల పెడితే మీరు తినరని, మామా" అన్నాడాయన నేల చూపులు చూస్తూ.

నాన్న తలకాయని తనే కడిగి, పులుసు తనే పెట్టారు. పెడుతున్నంతసేపూ తిడుతూనే ఉన్నారు, నెత్తురు వాసనకి ఏమేం వస్తాయో, తమ ఊళ్లో చంటిపిల్లకి కూడా ఆ సంగతి ఎలా తెలుసో. తిట్లన్నీ నేరుగా మా ఆయనకే. నేను సంతోషం పట్టలేకపోయాను.

మా ఇంట్లో చేప తలకాయ ఎప్పుడూ నాన్నకే. మరొకరు ముట్టగా నేను చూడలేదు. అలవాటుగా ఆయన కంచంలోనే వడ్డించాను. ఆయన దాన్ని రెండు చేతులా ఎత్తి మా ఆయన కంచంలో పెట్టారు.

"ముల్లు చూసుకుని తిను, అల్లుడా."