హార్ప్సికార్డ్ కోసం ఆపిన నీళ్లు

జూన్ నెలలో, అరబ్బుల ఎడారి ఊరైన అల్ ఐన్‌లో తోట కచేరీలు పెట్టాలన్న ఆలోచన ఎవరికి వచ్చిందో గాని, వాళ్లు జూన్ నెలలో అల్ ఐన్ చూసి ఉండరు. యూరప్‌లో వేసవి వస్తే పాత రాజభవనాల్లో, వాటి తోటల్లో, మూడు నాలుగు వందల ఏళ్ల కిందటి సంగీతాన్ని అప్పటి వాయిద్యాల మీదే వాయిస్తారట. అది చూసి ముచ్చటపడిన పెద్దలెవరో దాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడికి దింపారు. భవనం ఉంది, తోట ఉంది, వేసవికైతే కొదవే లేదు. ఏర్పాట్లు చూసే కంపెనీలో నేను సైట్ సూపర్‌వైజర్‌ని. కుర్చీలు, కరెంటు, ఏసీలు, బాత్‌రూముల నీళ్లు, కార్ల పార్కింగు అన్నీ నా నెత్తినే పడ్డాయి. ఇది రెండు వేల అయిదు నాటి సంగతి.

రాజభవనం అంటే మన ఊహలో ఉండేలాంటిది కాదు. మూడడుగుల మందాన మట్టి గోడలు, ఖర్జూరపు మొద్దుల దూలాలు, చిన్న చిన్న కిటికీలు. వెనకాల పెద్ద ఖర్జూరపు తోట. కచేరీ లోపలి హాల్లో, పొద్దు గూకాక తోటలో షర్బత్తులు. అయిదు రోజుల పండుగ.

ఆ తోటకి ఒకే ఒక్క పనివాడు. కరీంనగర్ వైపు పల్లెటూరి మనిషి, యాభై దాటి ఉంటాయి. ఏర్పాట్ల మొదటి రోజు నేను ఫోన్లో ఎవరినో తిడుతుంటే విని, పలుగు కింద పెట్టి వచ్చాడు.

"సారూ, మీరు మనోళ్లేనా?"

నేను గోదావరి వైపు వాణ్ణి. మా అలవాటు చొప్పున బాబాయ్ అని పిలిచాను. ఆ పిలుపుకి ఆయన ముఖం ఎంత వికసించిందంటే, నాకే కాస్త సిగ్గేసింది. ఆ రోజు నుంచి రోజూ నాలుగింటికి తన గదిలో పాలు లేని టీ కాచి ఇచ్చేవాడు. ఆ టీ తాగుతూనే ఆయన కథ తెలుసుకున్నాను.

ఆయన మొదట సజ్జా అనే ఊళ్లో సిమెంటు ఇటుకల ఫ్యాక్టరీలో నాలుగేళ్లు చేశాడు. దుమ్ముకి ఊపిరితిత్తులు పాడై, దగ్గితే రక్తం పడే దాకా వచ్చింది. అప్పుడు కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, దయతలచి ఈ తోటకి పంపాడు. ఫ్యాక్టరీ, తోట రెండూ ఆ కఫీల్‌వే.

"ఈడికొచ్చినంక దగ్గు వోయింది సారూ. మల్ల ఆడికి వంపితె నేను బతుక," అన్నాడు. ఏడుపు లేదు, దీనత్వం లేదు. వాన వస్తుందని చెప్పినంత మామూలుగా చెప్పాడు.

అయితే ఈ మధ్య తోటకి కొత్త ముదీర్, అంటే మేనేజర్, వచ్చాడు. ముదిరిన చెట్లకి రోజంతా ఒక మనిషి దేనికని ఆయన లెక్క. బాబాయ్ బతిమాలి, మార్చిలో తల్లి చెట్ల మొదళ్ల నుంచి నలభై పిలకలు తీసి తూర్పు గోడ పక్కన నాటాడు. అవి నిలదొక్కుకుంటే వాటిని పెంచడానికి మనిషి కావాలి కాబట్టి ఇక్కడే ఉండొచ్చు. చస్తే సజ్జాకి పోవాలి. ముదీర్ ఆ మాట చెప్పేసి వెళ్లిపోయాడు. అందుకని బాబాయ్ ఆ పిలకల చుట్టూ పురిటి గదిలో తిరిగినట్టు తిరిగేవాడు. ఎండ తగలకుండా ఒక్కోదానికి మట్టలు కప్పి, పొద్దునా సాయంత్రం బకెట్టుతో నీళ్లు పోసేవాడు.

ఆ నీళ్లు కుళాయివి కావు. ఎక్కడో కొండల దగ్గర భూమిలో ఊరే నీరు సన్నని కాలువలో ఆ తోటలన్నిటికీ వస్తుంది. దాన్ని ఫలజ్ అంటారు. ఒక్కో తోటకి ఇంతసేపని వంతు. మా తోటకి తొమ్మిది రోజులకోసారి, రెండు గంటలు. ఆ రెండు గంటల్లో చెట్లకి పారించి, మిగిలింది సిమెంటు తొట్టిలో నింపుకుంటే, మళ్లీ వంతు వచ్చేదాకా పిలకలకి అదే ఆధారం.

పండుగకి రెండు రోజుల ముందు వాయిద్యాలు దిగాయి. వాటిలో హార్ప్సికార్డ్ అనే పెద్ద పెట్టె ఒకటి. పియానోకి పెద్దమ్మ అనుకోండి. మిగతావాటికి గొర్రె పేగుతో పేనిన తీగలు. వాటిని కాపాడటానికి ఒక విదేశీ ఆవిడ వచ్చింది. గాలిలో తేమ కొలిచే చిన్న మీటరు ఆవిడ చేతిలోంచి దిగేది కాదు. హాలు కిటికీ కిందే కాలువ పోవడం చూసి ఆవిడ గుండె బాదుకున్నంత పని చేసింది. నీళ్లు వస్తే తేమ పెరుగుతుందట, శ్రుతి చెడుతుందట, గలగల చప్పుడు సంగీతానికి అడ్డమట. మా బాస్‌కి ఫోన్ చేసింది. బాస్ నాకు చేశాడు. కచేరీ వేళకి ఆ కాలువలో చుక్క నీరు కనబడకూడదన్నాడు. ఖలాస్.

తోట వంతు మొదటి కచేరీ రోజు సాయంత్రమే పడింది.

బాబాయ్‌కి చెబితే చేతిలో బకెట్టు కింద పెట్టాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "సారూ, గీ వంతు తప్పితె మల్ల తొమ్మిది దినాలకే. నీళ్లు మంది తోటలకు వోతయ్. తొట్టి ఎండి ఉన్నది."

"ఒక్క సాయంత్రమే కదా బాబాయ్. రేపొద్దున్నే ట్యాంకర్ పంపిస్తాను. నాది పూచీ."

"తప్పకుంట వంపుతవా?"

"పంపిస్తానంటున్నాగా!" అని కసిరాను.

మా తాత కాలువ మీద లస్కరు. వంతుల రోజుల్లో తూము దగ్గర ఆయన ఎన్ని తగువులు తీర్చాడో చూస్తూ పెరిగాను. వంతు తప్పితే చేను ఏమవుతుందో నాకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. తెలియక చేశానని చెప్పుకోవడానికి నాకు ఆ సందు కూడా లేదు. ఆ సాయంత్రం బాబాయ్ నా ఎదురుగానే కాలువ నోట్లో పాత గుడ్డలు కుక్కి, రాయి అడ్డం పెట్టాడు. నీళ్లు కాసేపు అక్కడే తచ్చాడి పక్క తోట దారి పట్టాయి.

కచేరీ మాత్రం అద్భుతం. అబద్ధం ఎందుకు, అంతకు ముందు గాని ఆ తర్వాత గాని అలాంటిది వినలేదు. ఆ పేగు తీగల నాదం ఎంత సన్ననిదంటే, హాల్లో ఎవరైనా కుర్చీలో సర్దుకుంటే వినబడకుండా పోయేది. ఏదో శోకగీతమట. వెనక తలుపు దగ్గర నిలబడి విన్నాను. నాకు కళ్లు చెమర్చాయి. అంతటి మెత్తని మనసున్నవాణ్ణని నామీద నాకే గౌరవం కలిగింది.

మర్నాడు ట్యాంకర్ రాలేదు. దాని మర్నాడూ రాలేదు. నేను ఫోన్ చేశాను గాని, గట్టిగా చేయలేదు. ఏసీ ఒకటి మూలపడింది, ఇద్దరు వెయిటర్లు రాలేదు, నా గోల నాది. బాబాయ్ పొద్దునా సాయంత్రం వచ్చి కాస్త దూరంలో నిలబడేవాడు.

"సారూ, ట్యాంకర్..."

"వస్తుంది బాబాయ్, వస్తుంది."

బాత్‌రూముల ట్యాంకు జోలికి పోవద్దని ముందే చెప్పి ఉన్నాను. అందుకని తన గదికి వచ్చే తాగే నీళ్ల క్యాన్లు మోసుకెళ్లి పిలకలకి పోసేవాడు. షర్బత్తుల ఐస్ పెట్టెల్లో కరిగిన నీళ్లు అడిగి తీసుకెళ్లేవాడు. నలభై ఆరు డిగ్రీల ఎండలో ఇసుక నేలకి అవి ఏ మూలకి?

నాలుగో రోజు ట్యాంకర్ వచ్చింది. సరిగ్గా అప్పుడే బాస్ ఫోన్. ఆ సాయంత్రం పెద్దవాళ్లు వస్తున్నారు, కార్ల దారిలో దుమ్ము లేవకూడదు, తడపమన్నాడు. ట్యాంకర్ డ్రైవర్ నా వంక చూసి, "కిధర్ డాలూఁ?" అన్నాడు. తోట గేటు దగ్గర బాబాయ్ రెండు ఖాళీ బకెట్లు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నేను కార్ల దారి వైపు చెయ్యి చూపించాను. పావుగంటలో ఆ నీళ్లు ఇసుకలో ఇంకిపోయాయి, మరో పావుగంటలో దారి ఆరిపోయింది. బాబాయ్ బకెట్లు అక్కడే బోర్లించి గదిలోకి పోయాడు.

పండుగ ముగిసిన మర్నాడు ముదీర్ వచ్చాడు. తూర్పు గోడ పక్కన నడుస్తూ ఒక పిలక మొవ్వు పట్టుకుని లాగాడు. అది ఎండుపుల్లలా చేతిలోకి వచ్చేసింది. ఇంకోటి లాగాడు. అదీ అంతే. ఆయనకి అరబ్బీ, ఇంగ్లీషే గాని హిందీ రాదు. బాబాయ్‌కి అరబ్బీలో నాలుగు మాటలకి మించి రావు. నన్ను పిలిచి, నీళ్లు ఎందుకు పెట్టలేదో అడగమన్నాడు.

అడిగాను. బాబాయ్ నన్నే చూస్తూ తెలుగులో చెప్పాడు. "గా పెట్టె శ్రుతి పోతదని నువ్వే బంద్ వెట్టమన్నవని చెప్పు. ట్యాంకర్ వంపుతనన్నవ్, రాలే. నా తప్పు లేదని చెప్పు సారూ."

ఆ తోటలో తెలుగు తెలిసింది మా ఇద్దరికే. ముదీర్ నా నోటి వంక చూస్తున్నాడు. బాస్‌కి సంగతి చేరితే నా ఉద్యోగం ఏమవుతుందో నా కళ్ల ముందు ఆడింది. ఇంగ్లీషులో మొదలుపెట్టాను. ఆ సాయంత్రానికి మాత్రమే ఆపమన్నామని, వంతు తప్పితే ఇంత నష్టమని ఈయన మాకు చెప్పలేదని, చెప్పి ఉంటే ట్యాంకర్లు తెప్పించేవాళ్లమని, మరచిపోయానని ఇప్పుడు తనే ఒప్పుకుంటున్నాడని. చేతులు తిప్పుతూ, గొంతు పెంచి, చాలాసేపు చెప్పాను. ముదీర్ అంతా విని తల అడ్డంగా ఊపి, ఫోన్ తీశాడు. ఆయన అరబ్బీలో మాట్లాడినదాంట్లో సజ్జా అన్న మాట మా ఇద్దరికీ అర్థమైంది.

పొద్దున్నే పికప్ వచ్చింది. నేను అటు వెళ్లకుండా ఉండాల్సింది, కుర్చీలు లెక్కపెట్టి ఎక్కించే పని ఉండి వెళ్లాను. బాబాయ్ ఒక సంచీ, ఒక చాప వెనకాల పెట్టి, నా దగ్గరకు వచ్చి రెండు చేతుల మధ్య నా చెయ్యి పట్టుకున్నాడు.

"గోడ మూలకు ఒక్కదాని మొవ్వు ఇంక పచ్చగనే ఉన్నది సారూ. చేతనైతె నీళ్లు పొయ్యి," అన్నాడు. డ్రైవర్ యల్లా, యల్లా అని హారన్ కొట్టాడు. అయినా ఆయన చెయ్యి వదల్లేదు.

"నిన్న నాకోసం ఇంగ్లీషుల ఎంతసేపు కొట్లాడినవ్! నేను సూసిన. ఆయనే ఇనలే. నువ్వు మనసుల వెట్టుకోకు బిడ్డా."

"అలాగే బాబాయ్," అన్నాను.