పన్నెండు వాక్యాల పెట్టె

మా బావకు ఏ పనినైనా మధ్యలోంచి అందుకోవడం చేతకాదు. ఎక్కడ చెడినా మొదటికి వెళ్లవలసిందే. టీలో పంచదార ఒక పలుకు ఎక్కువైతే పారబోసి, గిన్నె తోమి, నీళ్లు పెట్టడం దగ్గర మొదలుపెడతాడు. వీధి చివరికి వెళ్లాక గొడుగు గుర్తొస్తే, ఇంటికొచ్చి గొడుగు తీసుకుని పోడు. చెప్పులు విప్పి, కుర్చీలో కూర్చుని, “సరే, అలా బజారుకి వెళ్లొస్తాను” అంటూ మళ్లీ లేస్తాడు.

అచ్చాఫీసులో నలభై ఏళ్లు అక్షరాలు పేర్చాడు. ఒక్క అక్షరం తలకిందులైతే పేజీ మొత్తం విప్పేసేవాడు. ఆయన పేర్చిన పెళ్లి పిలుపులు చుట్టాలకు మొదటి బిడ్డ పుట్టాక అందేవని అచ్చాఫీసు యజమాని ఏడ్చేవాడు.

నా కాళ్లకు చక్రాలున్నాయి. ఎక్కడో ఒక రేవులో, పంతొమ్మిదేళ్లుగా ఒకే ఓడకు రంగు వేస్తున్నవాణ్ణి చూశాను. తోక దాకా వచ్చేసరికి ముక్కు దగ్గర రంగు వెలిసేది. మళ్లీ ముక్కు దగ్గరికి నడిచేవాడు. కానీ అతనికి జీతం ఉంది. మా బావది ఉచిత సేవ.

పోయిన ఏడాది అక్కకు పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ త్వరగానే దారికొచ్చాయి. మాట మాత్రం ముక్కలు ముక్కలుగా వచ్చింది. రోజూ అరగంటైనా పైకి చదవకపోతే వచ్చిన ఆ కాస్తా వెనక్కి పోతుందని డాక్టరమ్మ హెచ్చరించి, అభ్యాసం కాగితాలిచ్చింది. అక్క వాటిని మడిచి, ఊగుతున్న కుర్చీ కాలి కింద పెట్టింది. ముప్పై ఏళ్లు పిల్లల చేత పాఠాలు చదివించిన పంతులమ్మ, ఇప్పుడు మొగుడి ముందు కూడబలుక్కుని చదవడమా?

నేను సంచీతో దిగేసరికి బావ ఒక పెట్టె కొని ఉన్నాడు. సబ్బుబిళ్లంత ఉంది. ఇంట్లో దీపాలూ ఫ్యాన్లూ వీధి తలుపూ దానికి కలిపితే, అన్నీ నోటిమాటతో నడుస్తాయట.

నడవలేదు. సాఫ్ట్‌వేర్ దిగుతూ దిగుతూ తొంభై తొమ్మిది శాతం దగ్గర ఆగి, సాయంత్రం దాకా అక్కడే కూర్చుంది. దిగాక అది ఏ దేశం గడియారం పట్టుకుందో, మిట్టమధ్యాహ్నం దీపాలన్నీ వెలిగించి చీకటి పడగానే ఆర్పేసింది. హాల్లో ఫ్యాను వెయ్యమంటే వీధి తలుపు బిగించేసింది. బజారు నుంచి వచ్చిన బావ గొడుగుతో సహా గంటసేపు బయట నిలబడ్డాడు.

చివరికి కంపెనీకి ఫోన్ చేశాడు. అవతల ఒక అమ్మాయి పలికింది.

“పెట్టె వెనక చిన్న చిల్లుంటుంది సార్. గుండుసూదితో పది సెకన్లు నొక్కి పట్టుకోండి. అంతా చెరిగిపోతుంది. మొదట్నుంచి చేసుకోవచ్చు.”

బావ ఫోను చెవికి గట్టిగా ఆనించుకున్నాడు. “ఏమన్నావమ్మా?”

“మొదట్నుంచి, సార్.”

“నలభై ఏళ్లుగా ఈ మాట నేనంటే అందరూ నవ్వారు తల్లీ,” అన్నాడు బావ.

మొదటి నుంచి అంటే ముందుగా ఇంటి యజమాని గొంతు పెట్టెకు పరిచయం చెయ్యాలి. అందుకు అది అడిగే పన్నెండు వాక్యాలు చదవాలి. యజమాని అన్న చోట బావ అక్క పేరు రాశాడు.

“నే... నేనా?” అంది అక్క.

“నువ్వు చదవకపోతే చీకట్లో కూర్చుందాం. నాకేం, పడుకుంటాను.”

“వంటింటి దీపం వెలిగించు” అనడానికి అక్కకు నిమిషం పట్టింది. “మళ్లీ చదవండి,” అంది పెట్టె. మేమైతే ఆవిడ తడుముకుంటున్న మాటను అందించేవాళ్లం, ఆ వెంటనే ఆవిడ నోరు మూసుకునేది. పెట్టె అందించలేదు, నిట్టూర్చలేదు, జాలిపడలేదు. పన్నెండూ పూర్తయ్యేసరికి ముప్పావుగంటైంది.

మర్నాడు పెట్టె మళ్లీ మొరాయించింది. బావ మళ్లీ సూది తీశాడు. ఆ మర్నాడూ అంతే. “నీ పెట్టె... తగలెయ్య,” అనేది అక్క. తిడుతూనే చదివేది.

ఆరో రోజు తెల్లవారాక మంచినీళ్లకని వెళితే, హాల్లో బావ పెట్టె బోర్లించి కూర్చున్నాడు. పక్కనున్న ఫోనులో “అన్నీ సక్రమంగా ఉన్నాయి” అని కనిపిస్తోంది.

“అది బాగానే ఉంది కదా బావా?”

“మెల్లగా మాట్లాడవోయ్. బాగుపడి నాలుగు రోజులైంది.”

“మరి సూదెందుకు?”

“కాగితాలిస్తే చదవదు. నేను బతిమాలితే అసలు చదవదు. దీని మీద గెలవడానికైతే చదువుతుంది. నాలుగు, ఐదు, ఆరు...”

నాకు దగ్గొచ్చింది. ఆయన నావైపు విసుగ్గా చూసి, సూది బయటికి తీసి, ఒకటి నుంచి మొదలుపెట్టాడు.

ఆ పూట అక్క మొదటి వాక్యం ఒకే విడతలో చదివేసింది. రెండోదీ అంతే. ఆరు అయ్యేసరికి బావ ముఖంలో ఆనందంతో పాటు కొంత బెంగ కూడా కనిపించింది. ఇంత తొందరగా ముగిస్తే ఈ రోజంతా ఏం చెయ్యాలన్నట్టు హాల్లో బల్బుల వైపు చూశాడు.

ఏడో వాక్యం దగ్గర అక్క తడబడింది. “వీధి త... త...”

“మళ్లీ చదవండి,” అంది పెట్టె.

“ఫర్లేదు, ఫర్లేదు,” అంటూ బావ ఉత్సాహంగా కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. “కళ్లజోడు తెస్తానుండు. మొదట్నుంచి చూద్దాం.”

ఆయన లోపలికి వెళ్లగానే అక్క నావైపు వంగింది.

“ఈయన రోజూ సూది పట్టుకుని తిరగడం నేను చూడట్లేదనుకుంటున్నాడు, నువ్వు చెప్పి చెడగొట్టకురా,” అంది, ఎక్కడా ఆగకుండా.