పరుగుల పిల్ల తిన్న భోజనాలు

మైదానం మెట్ల కింద చిన్న గది ఆవిడది. తూకం యంత్రం, టేపు, చర్మం మందం కొలిచే పటకారు, ఒక చాప, రెండు కుర్చీలు. పొద్దున్నే తడిగడ్డి వాసన మోసుకుంటూ క్రీడాకారులు ఒక్కొక్కరే వచ్చేవారు. అందరికీ ఆవిడ కొలతలక్క. భర్త దర్జీ. "ఆయన పైబట్టకు కొలిస్తే నేను లోపలి మనిషిని కొలుస్తా. ఇద్దరం టేపు మీదే బతుకుతున్నాం" అని నవ్వేది.

ఇరవై రెండేళ్లుగా అదే పని. జబ్బ వెనక చర్మాన్ని రెండు వేళ్లతో మడిచి పట్టుకునేటప్పుడు ఆవిడ కళ్లు వాటంతటవే మూతపడేవి. ఆఖర్న, నిన్న పొద్దుట్నుంచి ఏమేం తిన్నావని అడిగి రాసుకునేది. చాలామంది బుర్ర గోక్కునేవారు.

పరుగుల పిల్ల అలా కాదు. పంతొమ్మిదేళ్లుంటాయి. కిటికీ అవతలి మంచు వంక చూస్తూ మెల్లగా చెప్పేది. "వేడి రొట్టె మీద వెన్న కరిగి చిటికెన వేలి మీదుగా కారిందక్కా. గుడ్డులో పచ్చసొన ఇంకా వణుకుతోంది. పాల మీద మీగడ ఇంత మందాన..."

వింటుంటే ఆ ఆవిరి ముఖానికి తగిలినట్టే ఉండేది. గది ఎక్కడికో తేలిపోయేది. రాస్తున్న చెయ్యి ఆగిపోయేది.

కానీ మూడు నెలల్లో జబ్బ మీది మడత సగానికి సగం పలచబడింది. రక్తంలో ఇనుము అడుగంటింది. ఆ రోజు ఆవిడ కాగితం పక్కన పెట్టేసింది.

"కడుపునిండా తిన్నవాళ్లకు ఇంత గుర్తుండదే అమ్మలూ. ఇదంతా తిన్నావా, కలగన్నావా?"

ఆ పిల్ల కిటికీ మీంచి చూపు తిప్పుకుంది. "కలేనక్కా. రోజూ అదే భోజనాల బల్ల. తింటూనే ఉంటాను, ఎంతకీ ఆకలి తీరదు. ఒళ్లు తగ్గితే వేగం పెరుగుతుందన్నారు కోచ్‌గారు. మొదట్లో పెరిగింది కూడా."

"నెలసరి?"

"నాలుగు నెలలైంది."

ఆవిడ ఆ సన్నటి చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

పరుగు ఆపించాలంటే కోచ్ మొదట ఒప్పుకోలేదు. "పోటీలు ఆరువారాల్లో పెట్టుకుని ఇప్పుడా?"

"పోటీలు ఏటా వస్తాయండీ. ఎముకలు గుల్లబారితే ఏం చేస్తారు? పరిగెత్తడానికి పనికొస్తుందని నేను సంతకం పెట్టను."

అతను పరీక్షల కాగితాలు రెండుసార్లు చదివాడు. ముఖం వాడిపోయింది. "నాకొక్క మాటైనా చెప్పలేదే" అని గొణిగాడు.

డాక్టరు పరుగు మాన్పించింది. పిల్ల పదిహేను రోజులు ముఖం ముడుచుకునే ఉంది. అయినా రోజూ మధ్యాహ్నం హాస్టల్ భోజనాల గదిలో కొలతలక్క ఎదురుగా కూర్చునేది. తొలిరోజు మూడు చెంచాలకే కళ్లనీళ్లు. నెల తిరిగేసరికి పళ్లెం ఖాళీ. పరుగు ఆపిన అయిదో నెలలో నెలసరి మళ్లీ వచ్చింది.

మరుసటేడు పోటీల్లో నాలుగో స్థానం. పతకం రాలేదు. తిన్నగా ఈ గదికే వచ్చి, బూట్లు కూడా విప్పకుండా చాప మీద ఒరిగి నిద్రపోయింది. కొలతలక్క తెర లాగింది. బల్లెం విసిరేవాడు కొలతలకని వచ్చి తలుపు తట్టాడు.

"మధ్యాహ్నం రా నాయనా" అని గుసగుసగా చెప్పి పంపేసింది.