మా ఆవిడకు అందని అరలు

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. కంప్యూటర్ ముందు కూర్చుని బ్యాంకుల లావాదేవీలు నడిపించే ప్రోగ్రాములు రాసేవాడికి, నాలుగు చెక్కలు కలిపి పెట్టె చెయ్యడం ఒక లెక్కా అని. (ఇలాంటి నమ్మకాలు పెళ్లయిన కొత్తలో మరీ బలంగా ఉంటాయి. చూసి మెచ్చుకోవడానికి ఇంట్లో ఒక మనిషి ఉంటుంది కదా!) ఆ నమ్మకం పూర్తిగా ఎప్పుడు పోయిందో చెప్పలేను గానీ, దానికి మొదటి దెబ్బ తగిలింది మాత్రం మయూర్ విహార్‌లో మా వంటింట్లోనే.

కాకినాడ నుంచి ఉద్యోగానికి వచ్చినవాణ్ణి నేను. మా ఆవిడ ఢిల్లీ కంటోన్మెంట్‌లో పెరిగిన పిల్ల. మేం కొత్తగా తీసుకున్న ఫ్లాట్‌లో వంటింటికి గ్రానైట్ గట్టు తప్ప ఒక్క అరైనా లేదు. సామానంతా అట్టపెట్టెల్లోనే ఉండేది. పోపుల డబ్బా కోసం వెతికితే కాఫీ ఫిల్టరు దొరికేది, ఫిల్టరు కోసం వెతికితే పట్టకారు. "ఏమండీ, ఇది వంటిల్లా, రైల్వే పార్సిల్ ఆఫీసా?" అని మా ఆవిడ రోజూ అడిగేది. చివరికి ఆ మాట వాళ్ల నాన్నగారి చెవిన పడింది.

మా మామగారిది విజయనగరం వైపు, ఆర్మీలో సుబేదారు. పెళ్లిచూపుల నాడు నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చి, "చేతులు బాగా మెత్తగున్నాయి బాబూ" అన్నారు. అది మెచ్చుకోలు కాదని నాకు పెళ్లయ్యాక గానీ తెలియలేదు. ఇప్పుడు ఫోన్ చేసి, "ఏటి బాబూ, వంటింట్లో అరలే లేవంట? మాకు తెలిసిన కార్పెంటరున్నాడు, పంపమంటారా?" అన్నారు. "అక్కర్లేదండీ, విడి భాగాలుగా రెడీమేడ్ కేబినెట్లు దొరుకుతున్నాయి. తెచ్చి నేనే బిగిస్తాను" అన్నాను. ఆయన, "అచ్ఛా" అన్నారు. అల్లుడి మీద ఆయనకున్న అనుమానమంతా ఆ ఒక్క ముక్కలో ఉంది. "ఠీక్ హై. ఆదివారం భోజనానికొస్తాను. చూద్దాం." ఇంక నాకు వెనక్కి తగ్గే దారి లేదు. ఆదివారానికల్లా అరలు గోడ మీద నిలబడకపోతే, ఆ ఇంటికి నేను జీవితాంతం మెత్తటి చేతుల అల్లుణ్ణే.

నోయిడాలో కొట్టువాడు పెట్టెలు అప్పగిస్తూ, "బచ్చా భీ లగా లేగా, సర్‌జీ" అని, చిన్నపిల్లాడైనా బిగించేస్తాడని భరోసా ఇచ్చాడు. (అప్పటికి మాకు బచ్చా ఇంకా పుట్టలేదు. ఉన్నదల్లా నేనే.) శనివారం పొద్దున్నే హాలంతా చెక్కలు పరిచి కూర్చున్నాను. పెట్టెతో వచ్చిన కాగితంలో ఒక్క అక్షరమైనా లేదు, అన్నీ బొమ్మలూ బాణాలూ. కాకినాడలో మా వీధి జోస్యుడు అప్పలరాజు చెయ్యి చూసి జాతకం చెప్పినంత ధీమాగా దాన్ని చదివేసి మొదటి కేబినెట్ బిగించాను. నిలబెట్టి చూస్తే తలుపు పిడి లోపలివైపుంది. తెరవాలంటే ముందుగా ఎవరైనా లోపల కూర్చుని ఉండాలి. మా ఆవిడ చుట్టూ తిరిగి చూసి, "పోనీలెండి, దొంగల భయం ఉండదు" అంది. విప్పి మళ్లీ బిగించాను. మధ్యాహ్నానికి అరచేతిలో బొబ్బలెక్కాయి. వాటిని చూసుకుని లోలోపల సంతోషించాను కూడా, ఆదివారం చూపించుకోవచ్చని.

సాయంత్రం గోడకు తగిలించే పని మొదలుపెట్టాను. నా తెలివితేటలు పూర్తిగా బయటపడింది ఇక్కడే. ఎంత ఎత్తున తగిలించాలో కాగితంలో చూపించారు. కానీ ఆ బొమ్మలో పొయ్యి మీదున్నది టీ గిన్నెంత బుల్లి గిన్నె! ఇడ్లీ పాత్ర అంటే ఏమిటో తెలియనివాళ్లు గీసిన బొమ్మను నమ్మడమేమిటి అనుకున్నాను. మా అత్తగారు సారెలో పెట్టిన పెద్ద ఇడ్లీ పాత్రను పొయ్యి మీద పెట్టి, మూత తీసి, ప్లేట్ల స్టాండు నిలువునా పైకి లాగి, అది ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ పెన్సిల్‌తో గీత గీశాను. ఆవిరికి చెక్క ఉబ్బకుండా ఆ పైన ఇంకో జానెడు వదిలాను. చెయ్యెత్తి చూస్తే హాయిగా అందింది. (నాది చెప్పుకోదగ్గ పొడుగు. మా ఆవిడ తల నా భుజం దగ్గర ఆగిపోతుంది.) అసలు కొలవాల్సిన మనిషి ఆ సమయంలో గుమ్మం దగ్గర నిలబడి, పొద్దుట్నుంచీ నా సుత్తి మోతకు పైకొచ్చిన కింది ఫ్లాట్ ఆంటీని, "బస్ ఆంటీజీ, థోడా సా ఔర్" అని బతిమాలుకుంటోంది.

ఆదివారం పొద్దున్న మా ఆవిడ స్నానం చేసి వచ్చేసరికి గ్లాసులూ గిన్నెలూ పై అరల్లో సర్దేశాను. ఆవిడ ఒకసారి అరల వంక చూసి, ఒకసారి నా మొహం చూసి, ఏమీ అనకుండా వంటలో పడింది. నోట మాట రానంత బాగుందన్నమాట అనుకున్నాను.

మామగారు వస్తూనే వంటింట్లోకి నడిచారు. కేబినెట్ పట్టుకుని ఊపారు, కదల్లేదు. వేళ్లతో తట్టారు. గట్టు మీది నిమ్మకాయ తీసి అరలో పెట్టారు. నిమ్మకాయ దొర్లలేదు. "పర్వాలేదు బాబూ, చెయ్యి మెత్తనే గానీ పట్టుంది" అన్నారు. నేను గాల్లో తేలిపోతూండగా, "అమ్మడూ, మంచినీళ్లియ్యి" అని కూతుర్ని అడిగారు.

మా ఆవిడ చెయ్యెత్తింది. మడమలు లేపింది. మునివేళ్ల మీద నిలబడింది. వేలి కొస కేబినెట్ అడుగు చెక్కకు తగిలి ఆగిపోయింది. మామగారు ఆ వేలిని చూశారు, కేబినెట్‌ను చూశారు, ఆ తరవాత నన్ను చూడబోయారు. నా పరువు ఆ కాస్త జాగాలో వేలాడుతోంది.

"నేనే అంత ఎత్తున పెట్టమన్నాను నాన్నా" అంది మా ఆవిడ, మడమలు దించుతూ. "అన్నీ నాకే అందేస్తే ఈయన వంటింట్లోకి ఎందుకొస్తారు? ఏమండీ, నాన్నకో గ్లాసు తియ్యండి."

తీసిచ్చాను. మామగారు నీళ్లు తాగి, కూతురి వంకా నా వంకా మార్చి మార్చి చూసి, "అచ్ఛా" అన్నారు. ఈ అచ్ఛా ఫోన్లో విన్నది కాదు, మీసాల కింద నవ్వు దాచుకున్నది. నాకు మాత్రం ఆ నిమిషంలో మా ఆవిడ మీద కలిగినంత ప్రేమ పెళ్లిపీటల మీద కూడా కలగలేదు.

దానికి తగ్గ సేవ తరవాత ఏళ్ల తరబడి చేశాను. "ఏమండీ, ఇంగువ!" "ఏమండీ, ధనియాలు!" మ్యాచ్ ఆఖరి ఓవర్లో పిలుపు, ఆఫీసు కాల్ మధ్యలో పిలుపు. తీసిచ్చి వెంటనే వచ్చెయ్యడం కుదిరేది కాదు, ఎలాగూ కాసేపట్లో జీలకర్ర కావాలి. అందుకని అక్కడే గట్టుకి ఆనుకుని నిలబడి కబుర్లు చెప్పేవాణ్ణి. మా సంసారంలో ముఖ్యమైన నిర్ణయాలన్నీ పోపు వాసనలోనే జరిగాయి.

ఆ కేబినెట్లు ఇంకా ఉన్నాయి. అంచులు ఉబ్బాయి, ఒక తలుపు కీచుమంటుంది. కాలేజీలో చదివే మా అమ్మాయి, "పాపా, ఇసే నీచే కరవా దో నా" అంటూనే ఉంటుంది. కిందికి దించుతానంటే వాళ్లమ్మ ఒప్పుకోదు. ఈ చలికాలం నా కుడి భుజం బిగుసుకుపోయింది. చెయ్యి చెవి దాటి పైకి లేవడం లేదు. గోడ మీద గీత గీసిన ఆ కుర్రాడు, పాపం, తన చెయ్యి ఎప్పటికీ అంత ఎత్తు లేస్తుందనే అనుకున్నాడు. వాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వూ వస్తుంది, కాస్త జాలీ వేస్తుంది.

ఇప్పుడు మా ఆవిడే స్టూలు వేసుకుని ఎక్కుతోంది. అయినా "ఏమండీ!" అనే పిలుపు మాత్రం ఆగలేదు, స్టూలు పట్టుకోవడానికి. ఎడం చేత్తో పట్టుకుని నిలబడతాను. స్టూలెక్కితే ఆవిడే నాకంటే పొడుగు. ఇంగువ డబ్బా తీసుకుని కిందికి చూసి, "తెలిసిందా, అందకపోతే ఎలా ఉంటుందో?" అంటుంది.

తెలిసిందంటాను. స్టూలు మాత్రం వదలను.