ఇరవై ఒక్క రోజుల మైల

నా చిన్నప్పుడు జహీరాబాద్‌లో మా ఇంటిని ఆనుకొని ఒక తాలీం ఉండేది. కుస్తీ నేర్పే చోటును మా వైపు తాలీం అంటారు. పెంకుల కప్పు కింద చదరంగా తవ్విన గుంట, అందులో నూనె, మజ్జిగ, పసుపు కలిపి మెత్తగా చేసిన ఎర్రమన్ను. దానికి పెద్ద మా తాతయ్య. ఊరంతా ఆయనను ఉస్తాద్ అని పిలిచేది. ఆడపిల్లను కనుక నేను ఆ మన్ను తొక్కకూడదు. గడప మీద కూర్చొని చూడవచ్చు. ఎందుకు తొక్కకూడదని ఎనిమిదేళ్ల వయసులో అడిగాను. తాతయ్య చాలాసేపు ఆలోచించి, తనకు తెలియదన్నారు. తెలియదని చెప్పగల పెద్దమనిషిని చూడడం నాకు అదే మొదటిసారి. అందుకే ఆయనను ఏదైనా అడగవచ్చని నమ్మకం కుదిరింది.

మా పక్కింటి మామ ఆ తాలీంలోనే పెరిగిన పహిల్వాన్. మామూలు రోజుల్లో మండీలో అల్లం బస్తాలు మోసేవాడు. జాతరల కాలం వస్తే కుస్తీలకు పోయేవాడు. అయితే ఆయన గెలిచే పహిల్వాన్ కాడు. ఏ ఊరి జాతరలోనైనా ఆ ఊరి మొనగాడే చివరికి వెండి కడెం తొడుక్కోవాలి. ఎదుటివాడు మరీ తేలిగ్గా పడిపోతే మాత్రం జనానికి రుచించదు. అరగంట గట్టిగా పెనుగులాడి, చూసేవాళ్లను ఊపిరి బిగబట్టేలా చేసి, ఆ తర్వాత వెల్లకిలా పడే మనిషి కావాలి. ఆ పని మామకు బాగా వచ్చు. మొగుడంపల్లి మొదలుకొని కన్నడం మాట్లాడే ఊళ్ల దాకా ఆయన కోసం కబుర్లు వచ్చేవి. ఆయన పడ్డప్పుడు జనం నవ్వేవారు. నీకు సిగ్గు కాదా మామా అని నేనొకసారి అడిగితే ఆయన కూడా నవ్వాడు.

“నేను పడకుంటే ఆళ్లు గెలుసుడెట్ల బిడ్డా? గెలిసెటోడు ఊరికొకడు దొర్కుతడు. సక్కగ పడెటోడు జిల్లాకొక్కడు.”

ఒక ఏడాది జాతరలో ఆయన తలకిందులుగా పడ్డాడు. నీళ్లు చల్లినా చాలాసేపు సోయి రాలేదట. మర్నాడు చెరుకు లారీ ఎక్కి ఇంటికి వచ్చాడు, అన్నం తిన్నాడు, బాగానే ఉన్నానన్నాడు. కానీ మధ్యాహ్నం మా ఇంట్లోకి వచ్చి, చెప్పులు విప్పి, మా చాప మీద పడుకున్నాడు. అది తన ఇల్లనుకున్నాడు. మా అమ్మ నవ్వింది. తాతయ్య నవ్వలేదు. మామను లేపి ఒంటికాలి మీద నిలబడమన్నారు. మామ గోడ పట్టుకున్నాడు.

నాలుగు రోజుల్లో వేరే ఊరి జాతర ఉంది. ఆ ఊరి పెద్దలు ముగ్గురు మామను తీసుకుపోవడానికి మర్నాడే తాలీంకు వచ్చారు. మామ అప్పటికే సంచి సర్దుకొని ఉన్నాడు. తల దెబ్బ మానలేదని తాతయ్య అంటే ఆయన ఒప్పుకునేవాడు కాదు. పహిల్వాన్‌కు నలుగురిలో ఆ మాట పడడం కంటే అవమానం లేదు. పైగా ఒకసారి రానన్నవాణ్ణి మరుసటి ఏడు ఎవరూ పిలవరు. ఇదంతా తాతయ్యకు తెలుసు. అందుకని ఆయన అంతకుముందు ఎవరూ వినని శాస్త్రం ఒకటి చెప్పారు.

“మన్నుల సోయి తప్పినోడు జరసేపు సచ్చినట్టే. ఇర్వై ఒక్క దినాలు మైల. మైల మనిషిని దింపితె మీ మన్ను చెడ్తది. ఇగ మీ జాతర, మీ ఇష్టం.”

పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మన్నుకు దీపం పెట్టి, మొక్కితే గానీ దిగని మనుషులు వాళ్లు. చావు జరిగిన ఇంటివాడు మైల తీరేదాకా తాలీం గడప తొక్కడన్నది అందరికీ తెలిసిన ఆచారమే. మామ ముఖంలో అవమానం లేదు. ఎవరి ముందూ తగ్గకుండా ఆగిపోయే దారి ఆయనకు దొరికింది. సంచి కింద పెట్టాడు. ఆయన భార్య, మా అత్త, వాకిట్లో నిలబడి అంతా వింటోంది. ఆమె కళ్లు మూసుకొని తెరవడం నాకు కనిపించింది.

అప్పుడు నేను అడిగాను.

“తాతా, పోయిన ఎండకాలం మా దోస్తు వాళ్ల అన్నకు గీ మన్నులనే సోయి తప్పలేదా? మూడో దినమే దింపితివి గద. ఆయనకు లేని మైల మామకెట్ల వచ్చె?”

అబద్ధం బయటపెట్టాలన్న ఉద్దేశం నాకు లేదు. రెండింటికీ పొంతన కుదరలేదు, అడిగాను. ఆ అన్న ఒక్కపొద్దు ఉండి కళ్లు తిరిగి పడ్డాడు. మామ తల నేలకు కొట్టుకొని పడ్డాడు. ఆ తేడా చెబితే, దాచిన కారణం చెప్పినట్టే. తాతయ్య నన్ను ఒక్కసారి కసిరితే సరిపోయేది. ప్రశ్న అడిగినందుకు ఆయన నన్నెప్పుడూ కసరలేదు. ఆ రోజూ కసరలేదు.

మైల మాట ఇక నిలవదని తెలిసి, వచ్చినవాళ్లలో ఒకాయన నవ్వాడు. “ఉస్తాద్, నీ మన్మరాలు వకీలైతది పో.”

మామ సంచి భుజానికి వేసుకున్నాడు.

ఆ జాతరలో జరిగింది నేను చూడలేదు. మళ్లీ తలకే తగిలిందన్నారు. జీపులో దవాఖానకు తీసుకుపోయారు. నెల రోజులకు ఇంటికి వచ్చాడు. కుడిచేతి వణుకు పోలేదు. మాట నాలుకకు చుట్టుకునేది. బస్తా ఎత్తుకుంటే ఒక పక్కకు ఒరిగిపోయేవాడు, అందుకని మండీకి పోవడం మానేశాడు. చొక్కా గుండీలు అత్త పెట్టేది. వాడకట్టులో దిష్టి తగిలిందనుకున్నారు. నా పేరు ఎవరూ ఎత్తలేదు. నేను ఏడవలేదు. బడికి పోయాను, ఎక్కాలు అప్పజెప్పాను, పెట్టింది తిన్నాను. మామ ఎదురైతే ఆయన చేతిని చూసేదాన్ని, చేతిని చూశాననే తప్ప నాకు మరేమీ అనిపించేది కాదు. అది మొద్దుబారడమని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

మామ ఇంటికి వచ్చిన వారానికి తాతయ్య నన్ను తాలీంకు పిలిచారు. నేర్చుకునే కుర్రవాళ్లంతా ఉన్నారు. ఆ రోజు అడిగిన మాట మళ్లీ అడగమన్నారు. గడప మీద నిలబడి అడిగాను.

“మైల లేదు బిడ్డా, నేనే పుట్టిచ్చిన. తలకు దెబ్బ తాకితె లోపట మానెదాంక రెండో దెబ్బ తాకొద్దు. నా జోడీ పహిల్వాన్ గట్లనే ఖరాబైండు, కండ్లార చూసిన. గది చెప్తె మామ ఇజ్జత్ పోతదని మైల అన్న. నిజం చెప్పుంటే నువ్వేమడిగినా జవాబుంటుండె.”

తర్వాత కుర్రవాళ్ల వైపు తిరిగారు. తలకు తగిలి సోయి తప్పినవాడు ఇకపై నెల రోజులు మన్నులో దిగడని, ఆ తర్వాత కూడా తాను చూసి సరే అంటేనే దిగుతాడని చెప్పారు. కారణమూ చెప్పారు. అడగదలచినవాళ్లు అడగవచ్చన్నారు. వేరే తాలీంలో ఇవన్నీ లేవు గదా అని ఒకడు అన్నాడు. అయితే అక్కడికే పొమ్మన్నారు, ఇద్దరు పోయారు. మరుసటి ఏడు జాతరలకు ముందు ఆయన బస్సెక్కి ఊరూరూ తిరిగి పెద్దలకు ఇదే చెప్పి వచ్చారు. కొందరు విన్నారు. ఎక్కువమంది చాయ తాగించి పంపారు.

మామకు తాలీంలో ఒక పని అప్పగించారు. కొత్తగా చేరినవాళ్లకు పడడం నేర్పాలి. మాటతో చెప్పలేడు కనుక, పడబోయే కుర్రవాడి మెడ వెనక ఆ వణికే చెయ్యి పెట్టి, గడ్డం ఛాతీకి ఆనేదాకా వంచేవాడు. తాతయ్య బతికి ఉన్నంతకాలం ఆ తాలీంలో ఇంకెవరికీ తల నేలకు తగల్లేదు.

కాలేజీలో నేను చర్చా పోటీలకు వెళ్లాను. ఎదుటివాడి వాదంలో సందు ఎక్కడుందో ఇట్టే కనిపెడతానని పేరు వచ్చింది. ప్రశ్న అడగడం తప్పని నేను ఇప్పటికీ అనుకోను. ఒక మనిషి ప్రాణాన్ని కాచే నియమం ఏ పిల్ల అడిగినా నిలబడే కారణం మీద ఉండాలి. కానీ దాన్ని కదిలించేముందు దాని నీడన ఎవరున్నారో చూడవలసిన బాధ్యత అడిగేవాళ్లకూ ఉంటుంది. నా వాదం ఇంతవరకే. దీనితో మామ చెయ్యి వణుకు తగ్గలేదు.

నేను కాలేజీ నుంచి బస్సు దిగి వచ్చేసరికి ఆయన తన అరుగు మీద కూర్చొని ఉండేవాడు. ఏ క్లాసు చదువుతున్నావు బిడ్డా అని అడిగేవాడు. చెప్పేదాన్ని. కాసేపటికి మళ్లీ అదే అడిగేవాడు. మళ్లీ చెప్పేదాన్ని, ఏ కాలేజీయో, ఏ సబ్జెక్టులో, అంతా మొదటి నుంచి. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఈనాటికీ ఎవరైనా అడిగినదే మళ్లీ అడిగితే నేను విసుక్కోను. పూర్తిగా జవాబు చెబుతాను, వాళ్లు తల ఊపేదాకా ఆగుతాను.