చర్చి సర్వర్ చెప్పుకున్న చిరునామా

అమ్మ పోయి ఏడాదైన ఆదివారం, స్టీల్ ప్లాంటు టౌన్‌షిప్ సెక్టర్ 4లోని మా తెలుగు చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టించాం. అలాంటి రోజున పోయినవారి భర్తో భార్యో లేచి నాలుగు మాటలు సాక్ష్యం చెప్పడం మా ఆనవాయితీ. ప్లాంటులో రిటైరైన నాన్నకు కాళ్ళు పడిపోయాయి. చర్చికి దూరంగా, కోహ్కాలో మా ఇంట్లో మంచం మీదే ఉంటాడు. ఆయన మాట చర్చి స్పీకర్లలో వినబడేలా, చర్చి ఆయనకు తెర మీద కనబడేలా, రెండుచోట్లా కెమెరాలు పెట్టి నేనే ఏర్పాటు చేశాను. సర్వర్లతో వేగడమే నా ఉద్యోగం, ఇదేం పెద్ద పనా అనుకున్నాను.

చర్చిలో ఒక సర్వర్, ఇంట్లో ఒకటి. ఒకటి ఎక్కడుందో రెండోదానికి తెలియదు. అందుకని రిజిస్ట్రీ అని మరో సర్వర్ ఉంటుంది. ప్రతి సర్వరూ లేవగానే తన పేరూ చిరునామా దానికి చెప్పుకోవాలి, ఆపైన “ఉన్నాను, ఉన్నాను” అంటూ ఉండాలి. ఎవరు ఎవరిని వెతుక్కోవాలన్నా దాన్నే అడగాలి.

నాన్నకు గడ్డం గీసి, తెల్లచొక్కా తొడిగి, దిండ్లు ఆనించి కూర్చోబెట్టాను. తీరా చూస్తే తెర మీద చర్చి లేదు, మా గదే ఉంది. రిజిస్ట్రీలో మాత్రం రెండు పేర్లూ పచ్చగా, నిక్షేపంగా వెలుగుతున్నాయి. నాకు ఒళ్ళు మండింది. రిజిస్ట్రీ చిట్టా తిరగేస్తే సంగతి తెలిసింది. చర్చిలో కరెంటు పోయి వచ్చింది. నెట్ రాకముందే అక్కడి సర్వర్ లేచి, తనను తాను పిలుచుకునే చిరునామానే తన చిరునామా అనుకుంది. నెట్ వచ్చాక అదే రిజిస్ట్రీకి చెప్పింది. ఆ చిరునామా ఏ మిషన్‌లో వాడితే ఆ మిషన్‌కే తీసుకెళుతుంది. చర్చిని వెతుక్కుంటూ బయల్దేరిన మా సర్వర్ తిరిగి మా ఇంటికే వస్తోంది.

అక్కడ ఎవరైనా స్విచ్ ఒకసారి ఆపి వేస్తే చాలు. కానీ ఆరాధన మొదలయ్యేముందే ఫోన్లన్నీ గుమ్మం దగ్గర బుట్టలో వేయాలని మా చర్చి పెద్దల నియమం. తమ్ముడికి చేశాను, అత్తకు చేశాను, పాస్టరుగారికీ చేశాను. ఒక్కరూ ఎత్తలేదు. నాన్నను ఒంటరిగా వదిలి నేను వెళ్ళలేను.

“చాలూ అయిందేటమ్మా, మొదలెట్టీసినారా?” అన్నాడు నాన్న. ఆయనకు చూపు ఆనదు. తెర మీద తెల్లచొక్కాలో ఉన్న తననే చూసి, “పాస్టరుగారు నన్నే సూస్తన్నారు. మొదలెట్టీమంటన్నారు గావాల” అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే చేతులు జోడించాడు.

“అందరికీ వందనాలు. నైట్ డ్యూటీ నుంచి నానొచ్చీదాకా ఆవిడ అన్నం తినీది కాదు. ఒక్కరోజూ నువ్వు తిన్నావా అని నానడగనేదు. బతికుండగా ఆవిడతో అననేకపోయాను. ఇప్పుడు మీ అందరి ముందరా సెప్తన్నాను.”

ఆపుదామని లేచాను. ఆపితే ఈ మాట ఆయన మళ్ళీ ఎప్పటికీ చెప్పడని తెలుసు. ఏడుపు వచ్చింది. మళ్ళీ కూర్చున్నాను.

చెప్పడం అయ్యాక తెర వైపు చెవి ఒగ్గాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

“ఇన్నారామ్మా?”

“విన్నారు నాన్నా.”

“మరి ఒక్కలూ ఆమెన్ అననేదేటి?”