గట్టి స్ప్రింగులు

పద్దెనిమిదేళ్లుగా ఈ మాట నా లోపలే ఉంది. ఇంట్లో చెప్పలేదు. చెప్పాల్సినవాడికి అసలే చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

వనపర్తిలో నాకూ రషీద్‌కూ కలిపి ఒక మెకానిక్ షెడ్డు ఉండేది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఇద్దరం ఒక పాత కారును రేసు కోసం తయారుచేశాం. సీట్లు పీకేశాం, లోపల ఇనుప పైపులు బిగించాం. అది రోడ్డు మీద తిరిగే బండి కాదు. మద్రాసు దగ్గరి రేస్ ట్రాక్‌కు లారీలో వెళ్లి, అక్కడ పరిగెత్తి, మళ్లీ లారీలోనే రావాలి. దానికోసం రెండేళ్లు పండగలు కూడా మానుకున్నాం.

నడిపేది నేనే అనుకున్నాను. ఎవరూ అనలేదు, నేనే అనుకున్నాను. కానీ తిమ్మాజిపేట దారిలో ఒక ఖాళీ మైదానంలో గడియారం పెట్టి చూసుకుంటే ప్రతిసారీ రషీదే ముందున్నాడు. అయితే నువ్వే నడుపు అన్నాను, నవ్వుతూ. ఆ నవ్వు ఎంత కష్టపడి నవ్వానో అతనికి తెలియదు.

చివరికి మిగిలినవి కింద చక్రాల దగ్గరి స్ప్రింగులు. రెండు జతలు తెచ్చాం, ఒకటి కాస్త మెత్తనిది, ఒకటి బాగా గట్టిది. కింది పని నాది కాబట్టి రెండూ బిగించి నేనే నడిపి చూశాను. గట్టివి వేస్తే చదును నేల మీద బండి దూసుకుపోయింది. కానీ మలుపులో చిన్న ఎత్తు తగిలితే చాలు, వెనక చక్రాలు నేలను వదిలేస్తున్నాయి. ఒకసారి నా చేతుల్లోంచి జారి అడ్డం తిరిగింది. దిగి చాలాసేపు ఆ టైరు గుర్తులు చూస్తూ నిలబడ్డాను. తెలియక చేశానని చెప్పుకునే దారి నాకు లేదు.

మర్నాడు షెడ్డులో రషీద్ అడిగాడు.

“రెండూ నడిపి చూసినవ్ గదా. ఏది ఎయ్యమంటవ్?”

“గట్టియే ఎయ్యి.”

“మలుపుల ఎనక పట్టు ఉంటదా?”

“మంచిగుంటది.”

“నువ్వు చెప్పినంక ఇంకేంది” అని స్పానర్ అందుకున్నాడు.

అతనికి ఏదైనా జరగాలనుకున్నానా? లేదు. మలుపుల్లో తడబడాలి, అందరికంటే వెనక రావాలి, వచ్చేసారి నువ్వు నడుపు అని నాతో అనాలి. అంతే. అంతే అనడానికి నాకు నోరెలా వస్తోంది? నా చేతుల్లో అడ్డం తిరిగిన బండి నాకంటే వేగంగా వెళ్లే అతని చేతుల్లో ఏమవుతుందో ఊహించలేనంత తెలివితక్కువవాణ్ణా, లేక ఊహించి కూడా పక్కకు చూశానా?

రేసు రోజు మూడో చుట్టులో, మలుపు దగ్గర చిన్న ఎత్తు తగిలి, వెనక భాగం లేచింది. బండి రెండు పల్టీలు కొట్టింది. రషీద్ బతికాడు. కుడిచేయి నలిగిపోయింది. మోచేతి దాకా తీసేశారు.

స్పృహ వచ్చాక నన్ను దగ్గరికి పిలిచాడు. “బ్రేక్ జర ముందుగాల కొట్టాలె. తొందరపడ్డ. తప్పు నాదే. నువ్వు పరేషాన్ గాకు.”

అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. నేను తలూపాను.

ఆసుపత్రిలో అన్ని రోజులూ అతని పక్కనే ఉన్నాను. అన్నం కలిపి తినిపించాను. సొంత తమ్ముడు కూడా ఇంత చేయడని వాళ్లమ్మ నా తల నిమిరి అందరికీ చెప్పేది. వద్దమ్మా అనలేకపోయాను. తల వంచుకుని కూర్చునేవాణ్ణి, ఆమె దాన్ని మంచితనం అనుకునేది.

ఇప్పుడు షెడ్డు నేనొక్కణ్ణే చూసుకుంటున్నాను. రషీద్ తన బావగారి ఎరువుల దుకాణంలో కూర్చుంటాడు. ఎడమచేత్తో రాయడం నేర్చుకున్నాడు. మళ్లీ ఏ బండీ ముట్టలేదు.

మొన్న ఆదివారం వాళ్లింటికి వెళ్తే, వీధిలో కూతురికి స్కూటీ నేర్పిస్తున్నాడు. బండి పక్కనే నడుస్తూ చెబుతున్నాడు: “మెల్లగ పో బేటీ. మీ అబ్బాజాన్ లెక్క తొందరపడకు.”

టీ తాగకుండానే వచ్చేశాను.

రషీద్ తొందరపడలేదు. బ్రేక్ సరైన చోటే కొట్టాడు, నా కళ్లతో చూశాను. ఆ స్ప్రింగులు పనికిరావని తెలిసీ వేయమన్నది నేను. క్షమించమని అడగడం లేదు, అడగాల్సింది మిమ్మల్ని కాదు. కానీ ఈ మాట ఒకసారి నా లోపలినుంచి బయటికి రావాలి. వచ్చింది.